రాతిబురుజు చుట్టం

అన్న అజర్‌బాల్ మాట మీద శిబ్లత్‌కు ఎంత నమ్మకమంటే, చిన్నప్పుడు తూరు రేవుగట్టు మీద నిలబెట్టి "దూకవే, నేను పట్టుకుంటా" అంటే లోతెంతో అడగకుండా దూకేసేది. తండ్రి ఎక్కిన ఓడ ఏ ఒడ్డూ చేరలేదని కబురు తెలిసేనాటికి ఆమెకింకా పాలపళ్ళు ఊడలేదు. అప్పటినుంచి అజర్‌బాలే ఆమెకు నాన్నా, అన్నా. ఊదారంగు తీసే నత్తలు కుళ్ళబెట్టే కొట్టాల వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఆ కంపుకు పైవాళ్ళు ముక్కులు మూసుకునేవారు. ఆ సందులో పుట్టినవాళ్ళకు మాత్రం అది ఇంటి వాసన.

అష్షూరు రాజు కప్పం పెంచుతూ పోయాడు. అతని మనుషులు గుమ్మాల్లో నిలబడి రాగిచెంబులు కూడా పట్టుకుపోవడం మొదలుపెట్టాక, సందులోవాళ్ళంతా ఓడ ఉన్న అజర్‌బాల్ చుట్టూ చేరారు. "పడమట ఎక్కడైనా ఇంత చోటు చూడు నాయనా, పిల్లాజెల్లాతో వచ్చేస్తాం" అన్నారు. చూస్తానని మాటిచ్చాడు. ఆ ప్రయాణానికి చెల్లెల్ని కూడా వెంటబెట్టుకెళ్తాననేసరికి శిబ్లత్ ఎగిరి గంతేసింది. తల్లి నామత్ ఆమె మూటలో తన ఎర్ర ఉన్ని అంగీ, వెండి పోగులు, దంతపు దువ్వెన సర్ది, మూట ముడి వేస్తూ వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏంటమ్మా ఇది! ఎండాకాలం అయ్యేసరికి వచ్చేస్తాంగా" అంది శిబ్లత్.

తల్లి ముడి మీద ముడి వేసింది.

ఎన్నో రేవులు తిరిగి, చివరకు వాళ్ళు షర్దాన్ దీవికి దక్షిణాన ఒక చోట లంగరు వేశారు. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండకొమ్ము అది. గాలి ఎటు తిరిగినా ఏదో ఒక పక్క ఓడకు చాటు దొరుకుతుంది. పక్కనే మంచినీటి ఊట. అజర్‌బాల్ ఆ కొమ్ము మీద నిలబడి అటూ ఇటూ చూసి, "ఇదే" అన్నాడు. పెళ్ళిపిల్లను చూసి మనసు పారేసుకున్నవాడిలా ఉంది అతని ముఖం.

కొమ్ముకు ఎగువన గుట్ట మీద పెద్ద రాతిబురుజు. చుట్టూ గుండ్రటి గుడిసెలు, గొర్రెలదొడ్లు. అక్కడి పెద్ద ఉర్జు. అతనికి అజర్‌బాల్ ద్రాక్షసారా చూపించాడు, నూనె చూపించాడు, ఊదారంగు బట్ట పరిచాడు. ఉర్జు అన్నీ తాగి, తాకి చూసి, ఊహూఁ అని తలాడించాడు. ఆ దీవిలో ఇద్దరికీ నడుమ మాట చెప్పగలవాడు ఒక్కడే. కిత్తి నుంచి వచ్చి, ఓడ పగిలి ఎప్పుడో అక్కడే ఉండిపోయిన పుమయ్ అనే ముసలి నావికుడు. ఉర్జు అతనితో ఏమన్నాడో, పుమయ్ అజర్‌బాల్ చెవిలో ఏం ఊదాడో శిబ్లత్‌కు తెలియదు. ఆ రోజంతా అన్న ఓడ మీద ఒంటరిగా కూర్చుని, పిలిచినా పలకలేదు.

మర్నాడు ఉదయం ఆమెను ఎర్ర అంగీ వేసుకోమన్నాడు.

"పెద్దవాళ్ళింటికి పోతున్నాం. మర్యాదగా ఉండాలి."

బురుజు లోపల చల్లగా, చీకటిగా, పొగచూరి ఉంది. గోడ పొడవునా రాతి అరుగుల మీద జనం కూర్చున్నారు. ఉర్జు పక్కన అతని తల్లి నోర్గె. ముఖం ఎండిన అత్తిపండులా ఉన్నా కళ్ళు మాత్రం చురుకైనవి. మగవాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. మాటల మధ్య "ఉర్తేయ" అన్నమాట మళ్ళీ మళ్ళీ వినపడింది. అన్నప్పుడల్లా అందరూ శిబ్లత్ వంక చూశారు.

"ఉర్తేయ అంటే ఏంటన్నయ్యా? నన్నేగా అంటున్నారు?"

పుమయ్ తలవంచుకున్నాడు. అజర్‌బాల్ చెప్పాడు, "చుట్టం అని."

అప్పుడు నోర్గె లేచి ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్ళలోకి చూసి ఏదో అడిగింది. పొడుగాటి ప్రశ్న. పుమయ్ దాన్ని అజర్‌బాల్ చెవిలో గొణిగాడు.

"ఇక్కడి గాలీ నీళ్ళూ నచ్చాయా అని అడుగుతోంది" అన్నాడు అజర్‌బాల్. "నవ్వుతూ 'ఎయా' అను. సరే అని."

శిబ్లత్ నవ్వి, "ఎయా" అంది.

ముసలావిడ కదల్లేదు. అదే ప్రశ్న ఇంకోసారి, మాట మాటా విడదీసి నెమ్మదిగా అడిగింది. పాపం చెవుడేమో అనుకుని శిబ్లత్ ఈసారి గట్టిగా "ఎయా!" అంది. నోర్గె ఓక్ గింజల రొట్టె విరిచి, సగం తాను తిని, సగం ఆమె నోట పెట్టింది. బురుజు దద్దరిల్లేలా జనం కేకలు పెట్టారు. శిబ్లత్ అన్న వంక తిరిగి చూస్తే అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పొగ పడదు కదా వీడికి, అనుకుంది.

ఒడ్డున పడవ ఎక్కబోతూ అజర్‌బాల్ చెప్పాడు. "కొమ్ము మనకిచ్చారు. నేను మనవాళ్ళ రేవు కొత్తపట్నం వెళ్ళి దూలాలూ, పనివాళ్ళనూ మాట్లాడి, అమ్మావాళ్ళకు కబురు పంపుతా. నువ్విక్కడే ఉండు. మనవాళ్ళు ఒకరుంటేనే వీళ్ళకు నమ్మకం."

"ఒక్కదాన్నే? వీళ్ళ మాట ఒక్క ముక్క రాదు నాకు!"

"చలి రాకముందే వచ్చేస్తానే. చుట్టానివి, కళ్ళలో పెట్టుకుని చూస్తారు. నా మాట మీద నమ్మకం లేదా?"

శిబ్లత్ చేతిలో ఉన్న అన్న చెప్పులు అందించి, పడవను తానే ఒక తోపు తోసింది.

వాళ్ళు ఆమెను నిజంగానే బాగా చూసుకున్నారు. పొయ్యికి దగ్గరగా పక్క వేశారు. కొత్త గొర్రెచర్మం ఇచ్చారు. నోర్గె తన గుడిసెలోనే పెట్టుకుని, పెరుగు పిండడం, జున్ను పొగబెట్టడం నేర్పింది. శిబ్లత్ వాళ్ళ ఆడపిల్లలకు తూరు పద్ధతిలో అంచు నేయడం చూపించింది. నీళ్ళు, నిప్పు, గొర్రె, గాలి అంటూ మాటలు ఒక్కొక్కటే నాలుక మీదకు వచ్చాయి. పైగుట్టల నుంచి కొత్త కాపరులెవరైనా వచ్చి ఎవరీమె అని చూస్తే, తానే రొమ్ము మీద చెయ్యి వేసుకుని, "నేను ఉర్తేయ!" అని గర్వంగా చెప్పేది. కొందరు తల దించుకునేవారు. ఒక ముసలి కాపరి ఆమె తల నిమిరి వెళ్ళాడు. ఎంత మర్యాదస్తులో అనుకుంది.

రోజూ కొమ్ము చివరికి వెళ్ళి తెరచాప కోసం చూసేది. చలి వచ్చింది. అలలు కొమ్ము మీదకు ఎగబడి, ఓడలు తిరిగే కాలం అయిపోయింది. దారిలో గాలులు పట్టేసి ఉంటాయి పాపం, ఏ రేవులో ఇరుక్కున్నాడో అని అన్న కోసమే దిగులు పడింది. తూరు దేవుడు మెల్కర్త్ స్వామికి మొక్కుకుంది. పుమయ్‌ను పలకరిద్దామంటే ఆ ముసలాయన ఉప్పుమడుగుల దగ్గర పాకలోకి మకాం మార్చేశాడు. ఎదురుపడితే దారి తప్పుకుపోయేవాడు.

వసంతం మొదట్లో, ఈనిన గొర్రెలు కొండ దిగేవేళ, పైఊరివాడొకడు పాలిచ్చే మేకల్ని తోలుకొచ్చి ఉర్జు దగ్గర కంచు గొడ్డలి పట్టుకుపోయాడు. మేకల్ని దొడ్లో కట్టేస్తూ ఒక పిల్ల అరిచింది. "ఉర్తేయల్ని వేరుగా కట్టండి, పాతవి పొడుస్తాయి!"

శిబ్లత్ ఆ పక్కనే బుట్టలో పెరుగుగడ్డ పిండుతోంది. పకపకా నవ్వింది.

"అవ్వా, మీ ఊళ్ళో మేకలు కూడా చుట్టాలేనా?"

నోర్గెకు అర్థం కాలేదు. "అదేం మాటే పిల్లా? మేకలు చుట్టాలేంటి?"

"అది ఉర్తేయ అంది కదా."

"అవును, ఉర్తేయే. గొడ్డలి తీసుకున్నాడు, దానికి బదులు మేకలిచ్చాడు. ఒకటి తీసుకుని దాని బదులు ఇచ్చేదే ఉర్తేయ. చుట్టమెలా అవుద్ది?"

శిబ్లత్ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. "మరి నేను?"

"నువ్వూ అంతే. కొమ్ము మీవాళ్ళు తీసుకున్నారు, నిన్ను మాకిచ్చారు. సారా నూనె ఎన్నాళ్ళుంటాయి, తాగితే అయిపోతాయి, మీ నెత్తురు మా ఇంట్లో ఉంటే మీరు మా మీదకు రారు, మేం మీ మీదకు రాము అని నా కొడుకు అడిగాడు. మీ అన్న ఇచ్చాడు." నోర్గె ఆమె ముఖం చూసి మాట ఆపింది. మళ్ళీ గొంతు తగ్గించి అంది. "నేను అడిగానుగా నిన్ను. రెండుసార్లు అడిగా. నీ ఇష్టంతోనే వస్తున్నావా, మళ్ళీ మీ గూటికి పోకుండా మా మనిషిగా ఉంటావా అని. నవ్వుతూ సరేనన్నావు. రెండోసారి అరిచి మరీ చెప్పావు. ఎంత గుండెనిబ్బరమే ఈ పిల్లకి అనుకున్నా."

శిబ్లత్ బుట్టలోని పెరుగుగడ్డను పిండుతూనే ఉంది. నీరంతా కారిపోయింది. గడ్డ వేళ్ళ సందుల్లోంచి బయటికొచ్చి నేలమీద పడింది. అయినా పిండుతూనే ఉంది. నోర్గె వచ్చి ఆ చేతులు పట్టుకోవలసి వచ్చింది.

"గాలీ నీళ్ళూ నచ్చాయా అని అడిగావన్నాడు అవ్వా."

ఆ మాట అర్థమయ్యేసరికి ముసలావిడ ముఖం నల్లబడింది. "అంటే మమ్మల్ని కూడా దొంగల్ని చేశాడన్నమాట. ఉండు, ఇప్పుడే నా కొడుక్కి చెప్తా."

"వద్దవ్వా! వాణ్ణి రానీ. వాడి నోటితో వినాలి నేను."

అప్పటికీ నమ్మకం పూర్తిగా చావలేదు. తోడబుట్టినవాడి మీది నమ్మకం ఒక పట్టాన చస్తుందా? తప్పు ముసలివాడిదేమో, మాట తిప్పి చెప్పడంలో పొరపడ్డాడేమో. ఉప్పుమడుగుల దాకా ఆగకుండా నడిచింది. పుమయ్ చేపల పొట్టలు చీల్చి ఉప్పు దట్టిస్తున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"కూర్చో తాతా. ఆ రోజు తప్పు నీదేనని చెప్పు. తాగి ఉన్నా, ఏం చెప్పానో తెలియలేదు అని చెప్పు. నిన్నేమీ అనను. ఒట్టు."

పుమయ్ చేతిలో కత్తి కింద పెట్టాడు. "తాగి ఉంటే బాగుండేది తల్లీ. ఆ ఒక్కరోజే తాగలేదు. మీ అన్న తాగనివ్వలేదు."



"నాతో ఒక్క ముక్క అనలేకపోయావా? ఆ చీకట్లో, రెండు భాషలూ తెలిసినవాడివి నువ్వొక్కడివేగా."

"నన్ను కిత్తిలో దింపుతానన్నాడు. పుట్టిన ఊళ్ళో చచ్చిపోదామని ఆశపడ్డా. మూట కూడా కట్టుకుని ఒడ్డుకొచ్చా." ముసలాయన ముక్కు చీదుకున్నాడు. "అప్పటికే పడవ అల్లంత దూరం పోయింది. నీకైనా చెప్పులు అందించే వేళ దొరికింది. నాకదీ లేదు."

ఓడలు వచ్చిన రోజున సముద్రం పలకలా ఉంది. గుర్రపుతల చెక్కిన మూతులతో వరసగా వచ్చి కొమ్ము పక్కన ఆగాయి. ఆడవాళ్ళు, పిల్లలు, నాగళ్ళు, విత్తనాల సంచులు, కోళ్ళబుట్టలు, మగ్గపు కర్రలు. సందు సందంతా నీళ్ళలోకి దిగుతోంది. శిబ్లత్ చెప్పవలసిన మాటలన్నీ చలికాలపు కట్టెల్లా పేర్చి పెట్టుకుని ఒడ్డున నిలబడింది. అంతలో మోకాళ్ళ లోతు నీళ్ళలో తడబడుతూ వస్తున్న తల్లిని చూసింది. పేర్చుకున్నదంతా చెల్లాచెదురైపోయింది. పరుగెత్తి వెళ్ళి కౌగిలించుకుంది. తల్లి బట్టల్లో ఆ పాత రంగుకొట్టం కంపు. చంటిపిల్లలా దాన్ని గుండెనిండా పీల్చింది.

"చిక్కిపోయావే. గొర్రెల వాసన వస్తున్నావు" అంది నామత్, ఏడుస్తూ నవ్వుతూ.

వెనకే అజర్‌బాల్, చేతిలో నీలిపూసల దండతో. "ఏమే చెల్లీ! వస్తానన్నానా లేదా? గాలులు కలిసిరాక ఆలస్యమైంది గానీ. ఇదిగో, నీకోసమే."

ఆమె దండ అందుకోలేదు. "అన్నయ్యా, ఉర్తేయ అంటే ఏంటి?"

అతని చెయ్యి గాలిలోనే ఆగింది. చుట్టూ చూశాడు. "తర్వాత మాట్లాడుకుందాం. ఇంతమందిలోనా?"

"ఇచ్చింది అంతమందిలోనేగా."

"మెల్లిగా మాట్లాడు... చూడు, నిన్నేమన్నా పులినోట్లో పడేశానా? మంచి ఇల్లు, కడుపునిండా తిండి. ఇదిగో ఈ జనం మొహాలు చూడు, అక్కడుంటే వీళ్ళ పిల్లలు బానిసలయ్యేవాళ్ళు. ఉర్జు ఇంకేం తీసుకోనన్నాడు. నేనేం చెయ్యను?"

"నన్ను అడగాల్సింది."

"అడిగితే ఏడ్చేదానివి. నువ్వేడిస్తే ఇవ్వలేకపోయేవాణ్ణి. అందుకే అడగలేదు."

అది తన ప్రేమకు గుర్తు అన్నట్టే చెప్పాడు. శిబ్లత్ ఆ దండను పక్కకు నెట్టింది. "ఒప్పుకునేదాన్నేమో. ఈ జనం కోసం, అమ్మ కోసం, నీ కోసం. నువ్వు దూకమంటే ఎప్పుడు దూకలేదు నేను? నాలుగు రోజులు ఏడ్చి ఒప్పుకునేదాన్ని. ఆ నాలుగు రోజులు ఓపిక పట్టలేకపోయావు."

"ఒప్పుకునేదానివైతే ఇంకేం, అంతా ఒకటేగా! నన్నొక్కణ్ణే దోషిని చేస్తావేం? అమ్మకు తెలుసు. ఇటు పడమట ఎక్కడికి పోయినా మనిషినే అడుగుతారని, బయలుదేరకముందే అనుకున్నాం."

ఆమె భుజం మీద ఉన్న తల్లి చెయ్యి మెల్లగా జారిపోయింది.

శిబ్లత్ తిరిగి చూడడానికి భయపడింది. చూసింది. నామత్ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది. "వాకిట్లో రాజుగారి మనుషులు నిలబడ్డారే... నేనూ నీ వెనకే వచ్చేస్తాగా, దగ్గర్లోనే ఉంటావుగా అనుకున్నా. చెప్తే నువ్వు బయలుదేరవన్నాడు వాడు."

"మూట కట్టేటప్పుడు ఒక్క మాట నా చెవిలో వేసి ఉండొచ్చుగా అమ్మా. నేను నవ్వుతూ ఓడెక్కాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

 అన్న మోసానికి శిబ్లత్ ఈ కొన్నాళ్ళలో మనసును రాయి చేసుకుంది. ఈ దెబ్బకు మాత్రం ఆమె దగ్గర ఏ అడ్డూ లేదు. ఒడ్డు దాటి, ఊట దాటి, గొర్రెలదొడ్లోకి పోయి, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లల మధ్య గడ్డి మీద బోర్లా పడుకుంది. నోర్గె వచ్చి చూసి, ఏమీ అడగకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే కొమ్ము మీద రెండు వైపుల జనం కూడారు. ఉర్జు తన కాపరులతో వచ్చాడు. పుమయ్ ఎక్కడా కనిపించలేదు. మాట చెప్పడానికి శిబ్లత్ తప్ప మనిషి లేదు. రెండు గుంపుల మధ్య ఆమె ఒక్కతే నిలబడింది.

అజర్‌బాల్ మంచి మాటకారి. మెల్కర్త్ స్వామి దయ గురించి, రెండు జాతుల స్నేహం గురించి చెప్పాడు. ఆమె ఒక్కో మాటా తు.చ. తప్పకుండా ఉర్జుకు చెప్పింది. అతనికి ధైర్యం వచ్చింది. చెల్లెలు ఎంతైనా చెల్లెలే అనుకున్నట్టున్నాడు. చెయ్యి ఎత్తి అన్నాడు. "మా ఇంటి వెలుగును మీకిచ్చాం. నా చెల్లెలు మనసారా ఒప్పుకుని మీ గడప తొక్కింది."

ఆ మాట కూడా ఆమె నోటితోనే చెప్పించబోతున్నాడు.  ఉర్జు ఎదురుచూస్తున్నాడు. అతని వెనక నోర్గె కర్ర మీద గడ్డం ఆనించి ఆమెనే చూస్తోంది.

"మా అన్న అంటున్నాడు, నేను మనసారా ఒప్పుకున్నానని" అంది శిబ్లత్ వాళ్ళ భాషలో. "నన్నెవరూ అడగలేదు అయ్యా. మీ అమ్మ అడిగింది గాలీ నీళ్ళ గురించి అని నాకు చెప్పారు. దానికి సరేనన్నాను."

 ఉర్జు ముఖం కందగడ్డ అయిపోయింది. "దొంగిలించిన ఆడపిల్లను నా పొయ్యి పక్కన పడుకోబెట్టానా? నా తల్లితో రొట్టె విరిపించానా? వీళ్ళను ఓడలెక్కించండి!" కాపరులు ఈటెలతో లేచారు.

భాష తెలియకపోయినా ఈటెలు అందరికీ అర్థమవుతాయి. ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. సందు మొదట్లో కుండలు చేసే కబ్దత్, నిండు గర్భిణి, సముద్రపు వాంతులింకా తగ్గని మనిషి, విత్తనాల సంచి మీద పడిపోయి లేవలేకపోయింది.

"శిబ్లత్! ఏం చెప్పావే?" అజర్‌బాల్ గొంతు కీచుగా వచ్చింది. "సరిదిద్దు. మాట దొర్లిందని చెప్పు. ఒక్క 'ఎయా' అనవే, నీ కాళ్ళు పట్టుకుంటా. వీళ్ళను చూడు!"

చూసింది. వాళ్ళను ముందే చూసింది. ఆ క్షణం వరకూ ఏం చేయాలో ఆమె ఏమీ అనుకోలేదు. కబ్దత్‌ను లేపి కూర్చోబెట్టి, ఉర్జు ముందుకు వెళ్ళింది.

"అయ్యా, ఆయన మీకు ఇచ్చింది ఆయన సొత్తు కాదు. అందుకని ఈ కొమ్ము ఆయనకు చెందదు. అంతేనా?"

"అంతే."

"ఈ జనానికి ఏమీ తెలియదు. నాలాగే నమ్మి ఓడెక్కారు. వీళ్ళ కోసం ఇప్పుడు నేను చెప్తున్నా. మీ ఇంటి మనిషిగా ఉంటాను. నన్ను ఎవరూ ఇవ్వలేదు, నేనే వస్తున్నా. కొమ్ము వీళ్ళకివ్వండి. నన్ను అమ్ముకున్నవాడు మాత్రం ఈ నేల మీద కాపురం పెట్టకూడదు."

నోర్గె ముందుకొచ్చింది. "అడుగుతున్నా పిల్లా. నీ ఇష్టంతోనే చెప్తున్నావా?"

ఆ ప్రశ్నలోని మాటలు ఈసారి ఒక్కొక్కటీ అర్థమయ్యాయి. అర్థమైనకొద్దీ అదెంత బరువైనదో తెలిసింది. సరేనంటే తూరు లేదు, ఆ సందు లేదు, ఇక ఎప్పటికీ ఈ గుట్టే. కళ్ళు తుడుచుకుంది.

"ఎయా" అంది. అరిచి చెప్పలేదు. నోర్గె విన్నది, అది చాలింది.

తర్వాత తన భాషలోకి తిరిగి సందువాళ్ళకు అంతా చెప్పింది. అజర్‌బాల్ ముందు నవ్వాడు. "వెర్రిదానా, ఊరు కడుతోంది నేను. నేను లేకుండా వీళ్ళుంటారా? అడుగు!" చుట్టూ చూశాడు. అతని దూలాలతో ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు, అతని ఓడల్లో వచ్చినవాళ్ళు, నేల చూశారు. ఒకడు చెప్పులో రాయి తీసుకున్నాడు. అతని పక్షాన ఒక్క నోరూ లేవలేదు. ఆ మౌనం చూసి శిబ్లత్‌కు సంతోషమేమీ కలగలేదు. వీళ్ళు రేపు నన్నూ ఇలాగే వదిలేస్తారు అనిపించింది.

మధ్యాహ్నానికి అతని ఓడ ఒకటే ప్రయాణానికి సిద్ధమైంది. ఇంకా పడమటి రేవు గదీరు వైపు పోతాడట. శిబ్లత్ తల్లి కోసం చూసింది. కోపం ఎంత ఉన్నా, అమ్మ కొమ్ము మీదే ఉంటుందని, ఎప్పటికో ఒకప్పటికి మాట కలుస్తుందని లోలోపల ఎక్కడో అనుకుంటూనే ఉంది. నామత్ చంకలో మూటతో ఒడ్డు వైపు దిగుతోంది.

"నువ్వూ వెళ్తున్నావా?"

"వాడికెవరున్నారే?" అంది నామత్. "నీకు ఇంతమంది ఉన్నారు. వాడు ఒంటరివాడైపోయాడు."

 చలికాలమంతా ఈ రాళ్ళ మధ్య ఒంటరిగా ఉన్నది ఎవరు అని అడగాలనుకుంది. అడిగితే తల్లి మళ్ళీ ఏడుస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. గాలికి నామత్ తలగుడ్డ ఊడి ఎగురుతోంది. చంకలో మూట వదలకుండా కట్టుకోలేకపోతోంది. శిబ్లత్ ఆ గుడ్డ అందుకుని, తల చుట్టూ బిగించి, గడ్డం కింద ముడి వేసింది. అజర్‌బాల్ పడవలో వీపు తిప్పుకుని కూర్చుని ఉన్నాడు. పడవను ఈసారి ఎవరో వేరేవాళ్ళు తోశారు.

తెరచాప కొమ్ము మలుపు దాటకముందే వెనక కేకలు వినిపించాయి. ఊట దగ్గర గొడవ. సందు మనిషి ఒకడు మట్టి తవ్వి కాలువ తీస్తున్నాడు. గొర్రెల కాపరి ఒకడు ఆ పార లాక్కుంటున్నాడు. ఇద్దరూ అరుచుకుంటున్నారు. ఒకడి మాట ఇంకొకడికి తెలియదు.

"అమ్మా శిబ్లత్, త్వరగా రా! వీడేమంటున్నాడో చెప్పు!"

"ఉర్తేయా, ఇటు రా! ఆ పిచ్చోడికి చెప్పు!" అలవాటైన పేరు, అంత తొందరగా పోదు.

ఆమె ఒకసారి సముద్రం వైపు చూసి, అంగీ అంచుతో ముఖం తుడుచుకుని ఊట దగ్గరికి నడిచింది.

"గొర్రెలు తాగే వేళకు నీళ్ళు బురద చేయొద్దంటున్నాడు" అంది సందు మనిషితో. అరుపుల మధ్య ఆ మాట వాడికి వినపడలేదు. దగ్గి, మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.